పురుగు బతికుంటేనే పగడం: జువ్వలదిన్నె తీరంలో ట్రాల్ వలకు చిక్కిన నడిచే పగడాల కేసు

నెల్లూరు తీరంలోని చేపల రేవు జువ్వలదిన్నె నుంచి ఉత్తరంగా రామాయపట్నం, పాకల దాకా ఒడ్డుకు ఎదురుగా సముద్రం అడుగున పగడపు దిబ్బలేమీ లేవు. ఏర్లు తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు, మధ్యమధ్య విరిగిన గుల్లలు, అంతే. అందుకే సోనా బోటు (సముద్రం అడుగున ట్రాల్ వల లాగే పెద్ద మరబోటు) డెక్కు మీద చెత్తచేపల కుప్పలో బూడిదరంగు గట్టి గుండ్లు కనిపిస్తే ఎవరూ పట్టించుకోరు. పారతో తోసేస్తారు, లేదా చెత్తచేపతో పాటు మేత మిల్లుకు పోతాయి. ఈ కేసులోవి అలా పోకుండా ఆగాయి. ఆ గుండ్లలో ఎక్కువ భాగం హెటెరోసామియా కాక్లియా. కొన్ని హెటెరోసైయాథస్ జాతివి. రెండూ ఒంటరి పగడాలే. దిబ్బ కట్టవు, రాతికి అతుక్కోవు, ఇసుక మీద విడిగా బతుకుతాయి.

పగడం చేతికి రాగానే అది బతికుందా, రంగు పోయిందా అని చూడటం అందరికీ అలవాటు. ఈ జాతుల విషయంలో మొదట చూడాల్సింది దాని అడుగున కాపురముండే పురుగు బతికుందా లేదా అని. పట్టిన చోటే వదలాలా, తొట్టిలో పెట్టాలా, మ్యూజియానికి పంపాలా అన్న తర్వాతి నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

జీవి కట్టుబడి

హెటెరోసామియా కాక్లియాకు 1781లో స్పెంగ్లర్ పేరు పెట్టాడు. పెరిగినది మామూలుగా రెండు, రెండున్నర సెంటీమీటర్ల అడ్డకొలత, అంటే పెద్ద రేగుపండంత ఉంటుంది. సాధారణంగా ఒకే నోరు. కొన్నిటికి నోరు రెండుగా చీలి పైభాగం ఎనిమిది అంకె ఆకారంలో కనిపిస్తుంది. అలాంటి వాటిని వేరే జాతి అనుకోనక్కర్లేదు. హెటెరోసైయాథస్ ఇంకాస్త చిన్నది. రెంటినీ విడదీయడానికి పది రెట్ల భూతద్దం చాలు. హెటెరోసామియా పక్కగోడ సన్నటి రంధ్రాలతో గరుకుగా ఉంటుంది. హెటెరోసైయాథస్ గోడలో రంధ్రాలుండవు, అది గట్టిగా ఉండి నిలువు గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. ఈ రెండూ వేర్వేరు కుటుంబాలవి. మొదటిది డెండ్రోఫిల్లిడే, రెండోది కారియోఫిల్లిడే. ఒకే తీరు బతుకు రెండు కుటుంబాల్లో విడివిడిగా పుట్టిందన్న మాట.

లోపలి కథ ఇదీ. సముద్రంలో ఈదే పగడపు లార్వా ఇసుక మీద నిలవలేదు, దానికి గట్టి ఆధారం కావాలి. కొన్ని మిల్లీమీటర్ల చిన్న నత్తగుల్ల మీద దిగుతుంది. ఆ ఖాళీ గుల్లలో అప్పటికే యాస్పిడోసైఫన్ అనే, తొండం చాచే మెత్తటి సైపంకులా వర్గపు పురుగు పిల్ల చేరి ఉంటుంది. పగడం పెరుగుతూ గుల్లను పూర్తిగా కప్పేస్తుంది. పురుగు కూడా పెరుగుతుంది కాబట్టి గుల్ల చాలదు. అప్పుడది పగడపు అడుగులోనే సుడి తిరిగిన గది చేసుకుంటుంది. ఆ గదికి అడుగువైపు పెద్ద రంధ్రం ఒకటి, పక్కల చుట్టూ సూదిమొన లావు చిల్లులు కొన్ని ఉంటాయి. పెద్ద రంధ్రం పురుగు తొండం బయటికి రావడానికి, చిల్లులు నీరు ఆడటానికి.

పురుగు తొండాన్ని ఇసుకలోకి చాచి, కొసను ఇసుకలో పట్టు దొరికించుకుని ఒంటిని ముడుచుకుంటుంది. పైనున్న పగడమంతా ఆ వైపుకి జరుగుతుంది. ఇలా లాక్కుంటూ పోవడం వల్లనే ఇసుకలో కూరుకుపోకుండా పైనే ఉంటుంది. అలకో, చేప తోకకో బోర్లాపడినా మళ్ళీ తిరగగలుగుతుంది. దీనికి బదులుగా పురుగుకు గట్టి ఇల్లు, పైన నోటి చుట్టూ ఉండే కుట్టే టెంటకిల్స్ (తీగల్లాంటి అవయవాలు) కాపలా దొరుకుతాయి. పగడం సొంతంగా కదలలేదు. పురుగు పోయిన పగడం ఒండ్రు పడే నేల మీద కూరుకుపోవడం ఖాయం. జపాన్‌లో అమామి దీవుల దగ్గర ఈ పురుగు స్థానాన్ని ఒక సన్యాసి పీత తీసుకున్న సంగతి 2017లో ప్రచురితమైంది, ఆ పీత పేరు డయోజెనిస్ హెటెరోసామికోలా. అద్దెకున్నవాడు మారినా, లాక్కుపోయేవాడు మాత్రం లోపల ఎవరో ఒకరు ఉండి తీరాలి.

పగడం కణాల్లో జూజాంతెల్లే అనే శైవలాలు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. వెలుతురు అందే లోతుల్లో ఉన్నవి గోధుమ, ఆకుపచ్చ రంగుల్లో ఉంటాయి. లోతువి పాలిపోయి ఉంటాయి, అయినా అవి జబ్బు పడ్డవి కావు. మన బోటు మీద దొరికినదాన్ని తెల్లగా ఉందని బ్లీచింగ్ (శైవలాలు పోయి పగడం రంగు కోల్పోవడం) అని రాసేయడం ఇక్కడే జరిగే పొరపాటు. తెల్లరంగుతో నిర్ణయించకూడదు, అంచుల మీద చర్మం ఉందా లేదా అన్నదే చూడాలి.

డెక్కు మీద ఏమైంది

ఈ లాట్ మూడు దారుల్లో చేతికి వచ్చింది, మూడిటి ఫలితం మూడు రకాలు. వల సంచి విప్పగానే కలాసీలు ఏరి సముద్రపు నీటి బకెట్‌లో వేసినవి కొన్ని. డెక్కు మీద ఎండలోనే ఉండి, రేవుకు వచ్చాక తీసినవి కొన్ని. చెత్తచేపతో కలిపి ఐసు వేసిన పెట్టెలో ఉన్నవి మిగతావి.

ఐసు పెట్టెలోవాటిలో బతికింది ఏదీ లేదు. అక్కడ రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. ఇరవై ఏడెనిమిది డిగ్రీల నీటిలో ఉండే జీవి సున్నా దగ్గరికి పడిపోతుంది. ఐసు కరిగిన నీళ్ళు మంచినీళ్ళు, ఉప్పు సాంద్రత కూలిపోవడంతో కణాల్లోకి నీరు ఎక్కి అవి పగులుతాయి. పురుగు కూడా ఉబ్బిపోయి రంధ్రం దగ్గర తెల్లగా ముద్దగా బయటికి వచ్చి ఉంటుంది. ఆ ముద్ద కనిపిస్తే ఇక పరీక్షతో పనిలేదు.

ఎండలో ఉన్నవాటిలో ఆసక్తికరమైన తేడా ఉంది. కొన్నిటి పైచర్మం అంచుల మీద చిరిగి సెప్టా (పగడపు గుల్లలోని నిలువు పలకలు) కొనలు తెల్లగా బయటపడినా, అడుగున రంధ్రం మూసి ఉంది. యాస్పిడోసైఫన్ తొండాన్ని లోపలికి లాక్కున్నాక, ఒంటి ముందు భాగంలో ఉండే ముదురు రంగు గట్టి బిళ్ళతో ద్వారం బిగిస్తుంది. తడి లోపలే నిలుస్తుంది. భూతద్దంతో అడుగును చూస్తే రంధ్రంలో గోధుమ, నలుపు కలిసిన ఆ బిళ్ళ బిగుసుకుని కనిపించింది. ఇలాంటివాటికి పైన చర్మం చిరిగినా బాగయ్యే అవకాశం ఉంది. దీనికి రివర్సు కేసు కూడా చూడాలి. పగడం టెంటకిల్స్ చక్కగా విచ్చుకుని ఉంది, అడుగు రంధ్రం మాత్రం ఖాళీగా ఉండి దుర్వాసన వస్తోంది. చూడటానికి ఇదే ఆరోగ్యంగా ఉన్నట్టుంటుంది. సముద్రంలో వేస్తే నిలవనిది ఇదే.

బకెట్‌లో వేసినవే బాగున్నాయి. అయినా ఒక్క బకెట్‌లో కుక్కేయడం వల్ల ఒకదానికొకటి ఒరుసుకుని, జిగురు వదిలి, ఆ జిగురు నీటిని చిక్కబరిచి కొన్ని దెబ్బతిన్నాయి. బకెట్‌లో నీరు బోటు ఉన్నచోటే తోడాలి. రేవులో తోడితే ఆ నీటిలో డీజిలు, చేపకడుగు, వానాకాలమైతే కాలవ నీరు కూడా ఉంటాయి.

చట్టం దగ్గర ఆగాలి

గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. 2001 నుంచీ ఇదే స్థితి. 2022 సవరణ తర్వాత మొదటి షెడ్యూల్ జీవిపై నేరానికి మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. వలలో అనుకోకుండా పడినా, చేతికొచ్చాక 48 గంటల్లో దగ్గర పోలీసు స్టేషన్‌కో, అధీకృత అధికారికో తెలపాలని 39వ సెక్షన్ చెబుతుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన పగడాన్ని ఇంట్లో అలంకారానికి పెట్టుకోవడం, అమ్మడం కూడా ఇందులోకే వస్తాయి. పరిశోధనకైనా, బోధనకైనా తొట్టిలో పెట్టాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ముందే చేతిలో ఉండాలి. ఈ లాట్‌ను అనుమతి వచ్చాకే తొట్లలోకి మార్చారు.

బోటులో ఉన్నవాళ్ళకు మా సలహా చాలా చిన్నది: ఫోటో తీయండి, లోతు, జీపీఎస్ పాయింటు రాసుకోండి, అక్కడే సముద్రంలోకి వదిలేయండి. రేవుకు తెచ్చి మంచి చేయబోయి చిక్కుల్లో పడొద్దు.

తొట్టిలో: హేచరీ అలవాట్లు ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ చంపుతాయి

నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్య హేచరీలు వరసగా ఉన్నాయి. రిఫ్రాక్టోమీటరు (ఉప్పు సాంద్రత కొలిచేది), బ్లోయరు, ఎయిర్ స్టోన్లు, ఆర్టీమియా (మేతగా వాడే అతిచిన్న ఉప్పునీటి జీవి) డబ్బాలు, ఆల్కలినిటీ కిట్లు ఊళ్ళోనే దొరుకుతాయి. కనుక సరంజామాకు కొదవ లేదు. గొడవంతా అలవాట్లతోనే. రొయ్య పిల్ల పెంచేవాడు నీటిలోని క్రిములను బ్లీచింగ్ పౌడరుతో చంపి, థయోసల్ఫేట్‌తో క్లోరిన్ తీసి, లోహాలను బంధించే ఈడీటీఏ వేసి వాడతాడు. రోగం రాకూడదన్నదే అతని లెక్క. ఈ పగడానికి అది తలకిందులుగా పనిచేస్తుంది.

ఒక తొట్టిలో ఇసుకను బ్లీచింగ్ చేసి, కడిగి, ఆరబెట్టి పోశారు. రెండో తొట్టిలో పగడాలు దొరికిన లోతు నుంచే తెచ్చిన పచ్చి ఇసుకను సముద్రపు నీటితో ఒక్కసారి మాత్రమే కడిగి పోశారు. నీరు, వెలుతురు, పగడానికి పెట్టే మేత ఒకటే. మొదట్లో రెండు తొట్లలో తేడా లేదు. పోనుపోను బ్లీచ్ ఇసుక తొట్టిలో పగడాల కదలిక తగ్గింది, పక్కకు ఒరిగినవి ఒరిగినట్టే ఉండిపోయాయి. పచ్చి ఇసుక తొట్టిలో పొద్దున లేచి చూస్తే రాత్రి పెట్టిన చోట ఉండేవి కావు, వెనక లాగిన గాడి కనిపించేది. కారణం సూటిగానే ఉంది. పురుగు తినేది ఇసుక రేణువుల మీది సేంద్రియ పొరనే. పగడానికి పైన ఆర్టీమియా ఎంత పోసినా కింద పురుగుకు అందేది కొంచెమే.

అసలు తొట్టి అమరిక ఇలా ఉంటే చాలు. ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్) తొట్టి, నీటి లోతు 40 సెంటీమీటర్లు. అడుగున ఐదారు సెంటీమీటర్ల మందం ఇసుక. అక్వేరియం గులకరాళ్ళు పనికిరావు, తొండం దిగదు. నున్నటి ఉత్త ఎఫ్‌ఆర్‌పీ అడుగు ఇంకా ఘోరం, పట్టు దొరక్క పురుగు ఉత్తినే చాచుకుంటూ ఉంటుంది. ఇసుక మరీ మందంగా పోస్తే అడుగున కుళ్ళి నల్లబడి కోడిగుడ్డు వాసన వస్తుంది, ఐదారు సెంటీమీటర్ల దగ్గర ఆపడం అందుకే.

ఉప్పు సాంద్రత 32 నుంచి 35 పీపీటీ (వెయ్యికి ఇన్ని పాళ్ళు). బోటు నీటికీ తొట్టి నీటికీ తేడా ఉంటే గంటకు 1 పీపీటీ మించకుండా మార్చాలి. రొయ్య పిల్లను అంతకన్నా వేగంగా అలవాటు చేస్తారు, ఆ లెక్క ఇక్కడ వద్దు. వేడిమి 26 నుంచి 29 డిగ్రీలు. నెల్లూరు మేలో రేకుల షెడ్డులో తొట్టి 32 దాటడానికి మధ్యాహ్నం దాకా కూడా పట్టదు. షెడ్డు పైన రెండు పొరల షేడ్‌నెట్, తొట్టి మీద ఫ్యాను ఉండి తీరాలి. ఆల్కలినిటీ (క్షారత) 7 నుంచి 9 డీకేహెచ్ (క్షారత కొలమానం), కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1,250 నుంచి 1,350. ఒడ్డున వేసిన బోరు నీటిని సముద్రపు నీటికి బదులు వాడేవాళ్ళు ఈ మూడింటినీ, ఇనుమునూ కొలిచాకే వాడాలి. ఉప్పు సాంద్రత సరిపోయినంత మాత్రాన లోపలి లవణాల పాళ్ళు సముద్రం లాగే ఉంటాయని కాదు.

క్లోరిన్ వాడిన లైనులోంచి వచ్చే నీటిని ఓటీ చుక్కలతో (క్లోరిన్ ఉంటే పసుపు తేల్చే ఆర్థోటొలిడిన్) చూడాలి, కాస్త పసుపు తేలినా పోయకూడదు. నాచు మందుల్లో రాగి ఉంటే పగడమూ పోతుంది, పురుగూ పోతుంది. అదే తొట్టిని ఇంతకుముందు అలాంటి మందుకు వాడి ఉంటే దాన్ని పక్కన పెట్టేయడమే మేలు.

మేతకు అప్పుడే పొదిగిన ఆర్టీమియా, లేదా సన్నగా తరిగిన రొయ్య కండ, వారానికి రెండు మూడు సార్లు, పొద్దు గూకాక. నీటి ఆట ఇరవై నిమిషాలు ఆపి, డ్రాపర్‌తో నోటికి పైన వదలాలి. ఎర్ర కాగితం చుట్టిన టార్చి వెలుగులో టెంటకిల్స్ మేతను పట్టి నోటివైపు వంచడం స్పష్టంగా కనిపిస్తుంది. మిగిలిన మేతను అరగంటలో సైఫన్ చేయాలి. పీతలను, గుల్లలు ఏరే చేపలను ఆ తొట్టిలోకి రానివ్వకూడదు.

పురుగు పరీక్షకు ప్రత్యేక పరికరం అక్కర్లేదు. పచ్చి ఇసుక పోసిన పళ్ళెంలో, ఎయిర్ స్టోన్ ఆపి, పగడాన్ని పక్కకు ఒరిగించి పెట్టాలి. కదిలించకుండా రాత్రంతా ఉంచాలి. తెల్లవారేసరికి నిటారుగా తిరిగిందా, గాడి ఉందా? ఉంటే పురుగు చురుగ్గా ఉంది. లేకపోతే మర్నాడు మళ్ళీ చూడాలి, ఎందుకంటే ప్రయాణపు దెబ్బకు పురుగు బిళ్ళ బిగించుకుని కూర్చుంటుంది. సూదితో పొడిచి చూడటం మాత్రం చేయకూడదు. పొడిస్తే ఇంకా లోపలికి పోతుంది, పొడిచినవాడు చచ్చిందని రాసుకుంటాడు.

తిరిగి వదలడం

ఎక్కడ దొరికిందో అక్కడే వదలాలని అందరూ అంటారు. ట్రాల్ వల విషయంలో ఆ 'అక్కడ' ఎక్కడో చెప్పడం కష్టం. మూడు నాట్ల వేగంతో మూడు గంటలు లాగితే తొమ్మిది నాటికల్ మైళ్ళు, దాదాపు 17 కిలోమీటర్లు. వల వేసిన పాయింటు, ఎత్తిన పాయింటు రెండూ ఉన్నా, పగడం ఆ గీతలో ఏ చోట పడిందో తెలియదు. కాబట్టి చోటును లోతుతో, నేలతో సరిచూసుకోవాలి.

నేల తెలుసుకోవడానికి గ్రాబ్ శాంపిలరు (అడుగు మట్టిని పట్టి తెచ్చే పరికరం) ఉంటే మంచిది. లేకపోతే తాడుకు కట్టిన సీసపు గుండు అడుగున గుంట చేసి, అందులో సబ్బో గ్రీజో అద్ది దించితే నేల ముక్క అంటుకుని వస్తుంది. దాన్ని 20 సెంటీమీటర్ల పొడవు సీసాలో సముద్రపు నీటితో గిలక్కొట్టి నిలబెడితే ఇసుక నిమిషం లోపల కిందికి దిగుతుంది. ఆ తర్వాత కూడా నీరు చిక్కగా ఉంటే అందులో బురదపాలు ఎక్కువ. పెన్నా ముఖద్వారానికి ఎదురుగా కొన్నిచోట్ల ఇలాగే వస్తుంది. అక్కడ వదిలితే పురుగు ఎంత లాగినా వరద కాలపు ఒండ్రు గెలుస్తుంది. గుల్లల ముక్కలు కలిసిన ఇసుకే కావాలి. చిన్న నత్తగుల్లలు అందులో ఉండటం మరీ మంచిది, తర్వాతి తరం పగడపు లార్వా, పురుగు పిల్ల రెండూ దిగేది వాటి మీదనే.

కాలం విషయంలో మా అభిప్రాయం గట్టిది: ఏప్రిల్ మధ్యలోనే వదలాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. అదే చోట మళ్ళీ వల లాగే లోపు జీవికి రెండు నెలల నెమ్మది దొరుకుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వద్దు. ఈశాన్య రుతుపవన వానలు, వాయుగుండాలు, పెన్నా వరద, ఉత్తరం నుంచి తీరం వెంట వచ్చే తక్కువ ఉప్పు నీటి ప్రవాహం అన్నీ అప్పుడే. మరబోట్లకు రాష్ట్ర నిబంధనల ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల వేట లేదు. లోతు, నేల సరిపోతే ఆ గీత లోపలి చోటే ఎంచుకోవాలి. ఆ గీతను అందరూ పాటిస్తారని నమ్మి మాత్రం కాదు, గీత బయటకన్నా రద్దీ తక్కువని.

ప్రయాణానికి రొయ్య పిల్ల ప్యాకింగే పనికొస్తుంది: మూడో వంతు నీరు, మిగతా ఆక్సిజన్. తేడా ఒక్కటే, ఒక్కో పగడాన్ని చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ కప్పులో విడిగా పెట్టాలి. థర్మోకోల్ పెట్టెలో సర్ది, తెల్లవారుజామునే బయల్దేరాలి. దక్షిణపు గాలి పుంజుకోకముందే పని ముగియాలి.

పైనుంచి విసిరితే తలకిందులుగా దిగుతుంది, చెల్లాచెదురవుతుంది, కిందికి వెళ్తుండగానే చేప మింగొచ్చు. ఇనపచువ్వ చట్రానికి 10 మిల్లీమీటర్ల కన్ను వల కట్టిన పళ్ళెం చేయించి, దానికి రెండు తాళ్ళు కట్టాలి. బరువు మోసే తాడు నాలుగు మూలలకు, ఒంపే తాడు ఒక అంచుకు. పళ్ళెం అడుగు తాకాక బరువు తాడు సడలించి, రెండో తాడును నెమ్మదిగా ఎత్తితే పగడాలు ఇసుక మీదికి జారతాయి. గుట్టగా పడకుండా ఒక్కో పళ్ళేనికి కొన్నే పెట్టాలి. అయితే పళ్ళేలన్నీ దగ్గరదగ్గరగానే దించాలి. ఒక్కొక్కటి కిలోమీటరు దూరాన ఉంటే వాటి సంతతి కలిసే అవకాశమే ఉండదు. డైవర్ దొరికే లోతైతే చేత్తో నిటారుగా పెట్టించడం అన్నిటికన్నా మేలు. తర్వాత చూడటానికి వస్తే ముందు చూడాల్సింది గాళ్ళనే.

పురుగు పోయినవి

పరీక్షలో తేలనివాటిని, పురుగు పోయి పగడం మాత్రం బతికున్నవాటిని సముద్రంలో వేయడం వల్ల ఉపయోగం లేదు. వాటిని అటవీ శాఖ ద్వారా చెన్నైలోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మెరైన్ బయాలజీ రీజినల్ సెంటర్‌కు చేర్చవచ్చు. అయితే నమూనా పనికొచ్చేలా పంపాలి. పురుగు జాతిని గుర్తించేది దాని తొండం మీది కొక్కేలతో, బిళ్ళ ఆకారంతో. కాబట్టి లోపల పురుగు ఉందనుకున్నదాన్ని నేరుగా స్పిరిట్‌లో వేస్తే తొండం ముడుచుకుపోయి గుర్తింపు కుదరదు. లీటరు మంచినీళ్ళలో 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ కలిపి, దాన్ని సమానంగా సముద్రపు నీటితో కలిపి అందులో ఉంచాలి. ముట్టుకున్నా ముడుచుకోనంత సడలాక 95 శాతం ఇథనాల్‌లోకి మార్చాలి. ఫార్మాలిన్ వద్దు, డీఎన్ఏ పాడవుతుంది.

లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి: వల వేసిన పాయింటు, ఎత్తిన పాయింటు, లోతు బారల్లో కాదు మీటర్లలో, తేదీ, నీటి ఉప్పు సాంద్రత, నేల ఇసుకా బురదా, అడుగు రంధ్రంలో పురుగు ఉందా లేక పీత ఉందా. ఈ చివరిది రాయకుండా వచ్చిన సీసాలే ఎక్కువ.